వంతు నీళ్లు: ఒకే నవలకి నాలుగు అట్టలు

సెప్టెంబరు 14

పెద్దమ్మ రాసిన నవల "వంతు నీళ్లు" మళ్లీ వేద్దామని రెండేళ్లుగా అనుకుంటూనే ఉన్నాం, ఇవాళ్టికి పాత పుస్తకం చేతికొచ్చింది. ఇంట్లో మిగిలింది ఒక్కటే కాపీ. దానికి పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసి ఉంది, స్కూలు పుస్తకాలకి వేసినట్టు మూలలు మడిచి. చిరిగిపోకుండా వేసుకుందేమో అనుకుని నెమ్మదిగా విప్పుతుంటే పెద్దమ్మ మంచం మీంచే అంది, "ఆ బొమ్మ చూడలేకే కప్పాను అమ్మాయ్, ఎందుకు విప్పుతావు" అని.

లోపల బొమ్మ ఇది. పట్టుచీరలో ఒక అమ్మాయి, చెంప మీద ఒకే ఒక కన్నీటి చుక్క, వెనకాల సూటు వేసుకున్న మనిషి, ఇంకా వెనక ఎర్ర కారు. కథేమో రేపల్లె వైపు కృష్ణా కాలవల శివారు భూముల్లో ఇద్దరు తోడికోడళ్లది. ఇద్దరి చేలూ ఒకే పంటబోదె కింద, అంటే చేలకి నీళ్లు పారే ఒకే చిన్న కాలవ కింద ఉంటాయి. తూము దగ్గర వంతు ప్రకారం నీళ్లు పెట్టుకోవాలి, శివారుకి వచ్చేసరికి కాలవలో నీళ్లు మిగలవు, మిగిలిన కాస్తా వీళ్ల వంతుకొచ్చేది అర్ధరాత్రి. లాంతరు పెట్టుకుని గట్టు మీద కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు, ఒకరితో ఒకరికి మాటల్లేవు, అలా పదకొండు రాత్రులు. నవలంతా అంతే. అందులో కారు లేదు, సూటు లేదు, పట్టుచీర కూడా లేదు.

"పుస్తకం వేసినాయన ఎవరితోనో గీయించాడు, నాకు చూపించనే లేదు" అంది. అప్పట్లో నవలలు ఎక్కువగా అద్దె లైబ్రరీల్లో తిరిగేవి. ఆడవాళ్లు రాసిన నవల అనగానే ఇలాంటి బొమ్మ వేస్తే చాలనుకునేవాళ్లు ఉండేవారు. ఆ బొమ్మ చూసి తీసుకెళ్లినవాళ్లు పెద్దమ్మకి రాసిన ఉత్తరాలు నాలుగైదు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఒకావిడ పోస్టుకార్డు మీద ఇరికించి ఇరికించి రాసింది, ఆ సూటాయన ఎప్పుడొస్తాడా అని ఆఖరి పేజీ దాకా చూశానండీ, రాలేదు, మీరు మధ్యలో కథ మార్చేశారా అని. చదువుతుంటే నాకు కోపం రాలేదు, ఆవిడ మీద జాలేసింది. ఆవిడ నవలని సరిగ్గా చదవకపోవడం కాదు ఇది. అట్ట ఒక మాట ఇచ్చింది, ఆవిడ ఆ మాట నమ్మి రెండొందల పేజీలు చదివింది.

ఈసారి అట్ట నేనే చేస్తాను. ఏ బొమ్మ పెడితే చదివేవాళ్లు లోపల ఏముంటుందని అనుకుంటారో ముందు నలుగురికీ చూపించి, తెలుసుకుని మరీ చేస్తాను.

సెప్టెంబరు 21

వారమంతా ఆఫీసు అయ్యాక అట్టల మీదే కూర్చున్నాను. మా ఇంట్లోవి, స్నేహితుల ఇళ్లల్లోవి కలిపి ఓ రెండొందల నవలలు మంచం మీద పరిచి, పేర్లు చేత్తో మూసి, లోపల ఏముందో ఊహించడం. చాలామటుకు తప్పు లేకుండా చెప్పగలిగాను, అదే ఆశ్చర్యం. అంటే మనకి తెలియకుండానే ఒక భాష వచ్చేసింది. నల్లని అట్ట మీద ఎర్రక్షరాలు ఉంటే హత్యో క్షుద్రమో, ఆడమనిషి ముఖం అట్ట నిండా ఉంటే సంసారం కథ, మట్టి రంగులో గీతల బొమ్మ ఉంటే ఊరి కథ, ఏమీ అర్థం కాని రంగుల మరకలుంటే కవిత్వం.

ఈ భాషని కావాలని తయారుచేసినవాళ్లూ ఉన్నారు. 1935లో పెంగ్విన్ వాళ్లు ఇంగ్లండులో ఆరు పెన్నీలకి పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు అట్ట మీద కథకి సంబంధించిన బొమ్మే వేయలేదు, రంగులు మాత్రం పంచారు. నవలైతే నారింజ, అపరాధ పరిశోధన అయితే ఆకుపచ్చ, జీవిత చరిత్ర అయితే నీలం. దూరం నుంచే ఏది ఏమిటో తెలిసిపోయేది.

నాకు ఎక్కువ పనికొచ్చింది మాత్రం రచయిత కాఫ్కా సంగతి. నిద్ర లేచేసరికి ఒక మనిషి పురుగైపోయే కథ 'మెటమార్ఫసిస్' 1915లో పుస్తకంగా వస్తుంటే, అట్ట మీద పురుగుని గీసేస్తారేమోనని భయపడి ప్రచురణకర్తలకి ఉత్తరం రాశాడు, పురుగుని గీయొద్దు, దూరం నుంచి కూడా చూపించొద్దు అని. కావాలంటే ఇంట్లోవాళ్లని వెలుగున్న గదిలో ఉంచి, పక్క చీకటి గది తలుపు తెరిచి పెట్టమన్నాడు. చివరికి అట్ట మీద వచ్చింది రెండు చేతులతో ముఖం కప్పుకుని ఇటు వస్తున్న ఒక మనిషి, వెనకాల ఓరగా తెరిచిన తలుపు, దాని వెనక నలుపు. ఆ బొమ్మ చూసినవాడికి తలుపు వెనక ఏదో ఉందని తెలుస్తుంది, అదేంటో తెలియదు. పురుగుని గీసేస్తే ప్రతి పేజీలోనూ ఆ గీసిన పురుగే కదులుతుంది, కాఫ్కా రాసింది కాదు. పెద్దమ్మ నవలలో గీయకూడనిది ఏది? ఇది తేలకుండా పెన్సిల్ పట్టుకోకూడదని రాసుకున్నాను.

సెప్టెంబరు 29

నాలుగు అట్టలు తయారు. నాలుగూ డెమ్మీ సైజే, పేరూ అదే, పెద్దమ్మ పేరు ఉన్న చోటూ అదే. బొమ్మ, రంగు, అక్షరం మాత్రమే మార్చాను.

మొదటిది పాత అట్ట పద్ధతి, ఆడమనిషి ముఖం, కారు తీసేశాను. రెండోది నెర్రెలిచ్చిన నేల ఫొటో, దాని మీద తలపాగా చుట్టుకున్న రైతు. ఇది నెట్‌లో కొన్న ఫొటో, పల్లె నవల అనగానే ఎవరైనా పెట్టేది అదే కాబట్టి. మూడోది రాత్రి, నలుపు, మధ్యలో తూము, అటూ ఇటూ నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ల నీడలు, ఒక బ్యాటరీ లైటు వెలుగు, ఎర్రక్షరాలు. నాలుగోది అక్షరాలు మాత్రమే, లేత గోధుమరంగు మీద ముదురు నీలంలో "వంతు నీళ్లు", ఇంకేమీ లేదు.

పుస్తకం ఫారానికి పదహారు పేజీల చొప్పున 14 ఫారాలు, అంటే 224 పేజీలు, వీపు, అంటే కుట్టిన పక్క మందం, దాదాపు 11 మిల్లీమీటర్లు వస్తుంది. తెల్లకాగితాలు అదే మందంలో కుట్టించి నాలుగు డమ్మీలు చేయించి అట్టలు తొడిగాను. చేతిలో బరువు ఉండాలి, లేకపోతే చూసేవాళ్లు బొమ్మని చూస్తారు తప్ప పుస్తకాన్ని చూడరు.

అక్టోబరు 5

ఇవాళ్టి పని వృథా అయింది, ఎందుకో తెలిసింది కాబట్టి రాస్తున్నాను. అపార్ట్‌మెంట్‌లో పదిమందికి నాలుగు డమ్మీలూ పక్కపక్కన పెట్టి చూపించాను. అందరూ జడ్జీలైపోయారు. "ఇందులో ఫాంట్ బాగుంది", "దీనికి కొంచెం కలర్ పెంచండి", "నాలుగోది క్లాసుగా ఉంది". కథేమై ఉంటుందని అడిగితే నవ్వుతున్నారు. నాలుగు పక్కపక్కన ఉంటే మనిషి ఎంచుతాడు, ఊహించడు. పుస్తకాల షాపులో ఒకే నవలకి నాలుగు అట్టలు ఎవరికీ కనిపించవు కదా. ఒక్కొక్కరికి ఒక్కటే చూపించాలి, ఇంకోటి ఉందని కూడా చెప్పకూడదు.

అక్టోబరు 19

రెండు వారాలు, ఇరవై ఎనిమిది మంది, ఒక్కో అట్టకి ఏడుగురు. శాఖా గ్రంథాలయంలో పేపరు చదవడానికొచ్చే పెద్దవాళ్లు, మా చెల్లి హాస్టల్ అమ్మాయిలు, విజయవాడ ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపుకొచ్చినవాళ్లు, ఆఫీసులో కొందరు. డమ్మీ చేతికిచ్చి మూడే అడిగాను. ఇది ఏం కథ? ఎవరు చదువుతారు? వెల ఎంతుంటుంది? తర్వాత మొదటి అధ్యాయం తొమ్మిది పేజీల జిరాక్స్ ఇచ్చి అక్కడే చదివించి, ఇక ఏం జరుగుతుందని అడిగాను.

వెల సంగతి ముందు. పుస్తకం మందం ఒకటే, కానీ ముఖం ఉన్న అట్టకి నూటపాతిక దాటి ఎవరూ చెప్పలేదు, అక్షరాల అట్టకి రెండొందల యాభైకి తక్కువ ఎవరూ చెప్పలేదు. ఎవరు చదువుతారంటే మొదటిదానికి "మా అమ్మ", నాలుగోదానికి "సాహిత్యం వాళ్లు". ఒక హాస్టల్ అమ్మాయి ముఖం ఉన్న డమ్మీని బల్ల మీద బోర్లా పెట్టి మాట్లాడింది, తను గమనించి కూడా ఉండదు.

అసలు విషయం ఆ తర్వాత. మొదటి అధ్యాయం చివర ఒక చోటుంది. పెద్ద తోడికోడలు, భర్త పోయినావిడ, గట్టు మీద ఒంటరిగా కూర్చుని ఉంటుంది. మరిది బ్యాటరీ లైటు వేసుకుంటూ వచ్చి అంటాడు, "వదినా, నువ్వింటికెళ్లి పడుకో, నీ వంతు నేను చూసుకుంటాను" అని. అక్కడితో అధ్యాయం అయిపోతుంది. ఇరవై ఎనిమిది మందీ చదివింది ఇవే మాటలు.

ముఖం ఉన్న అట్టతో చదివిన ఏడుగురిలో ఐదుగురు మరిదికీ వదినకీ మధ్య ఏదో మొదలవుతుందన్నారు. ఒకాయన ఆ వాక్యం కింద వేలు పెట్టి చూపించాడు, "పడుకో అన్నాడు చూడండి, అక్కడే తెలుస్తోంది" అని. నెర్రెల అట్టతో చదివినవాళ్లు నలుగురు ఆ మరిది అప్పుల్లో ఉన్నాడు, పురుగుమందు తాగుతాడు అన్నారు. వదినని ఇంటికి పంపేది అందుకేనట. రాత్రి అట్టతో చదివిన ఏడుగురిలో ఆరుగురికి అక్కడ తెల్లారేసరికి శవం కనిపించింది. ఎవరి శవమన్నదే తేడా. అక్షరాల అట్టతో చదివినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు, నీళ్లు దొంగిలిస్తాడు, పాపం మంచివాడే, ఆవిడ వెళ్లదు, తెలియదు.

నవలలో నిజంగా జరిగేది ఏంటంటే ఆవిడ లేవదు. అతనే ఇంటికి వెళ్లి పడుకుంటాడు. కాసేపటికి అతని భార్య, చిన్న తోడికోడలు, ఏమీ మాట్లాడకుండా వచ్చి గట్టుకి అవతల వైపు కూర్చుంటుంది.

ఆ కాగితాలు రాత్రి పన్నెండు దాకా ముందేసుకుని కూర్చున్నాను. అట్ట చదవడానికి ముందు ఒకసారి చూసి వదిలేసేది కాదు. "పడుకో" అనే మాటలోకి దిగి దాని అర్థమే మార్చేసింది. పెద్దమ్మ ఆ మాట రాసింది అలిసిపోయిన మనిషి మీద కాస్త దయతో. ఆ దయ కనపడినవాళ్లు ఇరవై ఎనిమిదిలో ఇద్దరే, ఇద్దరూ నాలుగో అట్టవాళ్లే.

గ్రంథాలయంలో కలిసిన ఒక పెద్దాయన గురించి విడిగా రాయాలి. కాలవ మీద లస్కరుగా, అంటే తూములు చూసుకునే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆయనకి ఇచ్చింది నెర్రెల అట్ట. కథ అడిగితే కథ చెప్పలేదు. "ఇది మా వైపు నేల కాదమ్మా. శివారుకి నీళ్లు రాకపోతే ముందు చౌడు తేలుద్ది, తెల్లగా పూసినట్టు ఉంటది" అన్నారు. నిజమే, సముద్రం దగ్గరి నేల. ఎక్కడో మెట్ట ప్రాంతంలో తీసిన ఫొటో తెచ్చి డెల్టా కథ మీద అతికించాను. తెలిసినవాళ్లకి అది చూడగానే రాసినావిడ మీదే నమ్మకం పోతుంది, పెద్దమ్మకి ఆ నేల అరికాళ్లతో తెలిసినా సరే. ఆ ఫొటో ఇక లేదు.

అక్షరాల అట్టకీ ఒక చిక్కుంది. ఏడుగురిలో ముగ్గురు అది కవిత్వం అనుకున్నారు, ఒకరు అనువాదం అనుకున్నారు. కింద చిన్నగా "నవల" అని వేసి మళ్లీ కొత్తవాళ్లు నలుగురికి చూపిస్తే ఆ అనుమానం రాలేదు. మూడక్షరాలతో పోయేది ముందే వేయాల్సింది.

అక్టోబరు 27

అక్షరాలతో గొడవ. ముందు, నీళ్ళా నీళ్లా? పాత పుస్తకంలో "నీళ్ళు" అని ఉంది. ళ కింద ళ ఒత్తు పెద్ద సైజులో వేస్తే కింద బరువంతా ఒకే చోట వేలాడుతోంది. పెద్దమ్మని అడిగితే "నేను రాసింది ల ఒత్తే, వాళ్లే మార్చారు" అంది, కాబట్టి నీళ్లు.

ప్రెస్సాయన బాపు అక్షరాల్లో పెడదాం మేడమ్, తెలుగుదనం వస్తుంది అన్నారు. పెట్టి చూశాను. బాపు గారి అక్షరం నాకు ప్రాణం, కానీ అది ఇప్పుడు పెళ్లి శుభలేఖల మీదా హోటల్ బోర్డుల మీదా అంతగా అలవాటైపోయింది, "వంతు నీళ్లు" అందులో రాయగానే గోదారి గట్టు మీద సరదా కథలా మారిపోయింది. ఆ గీతతో పాటు ఒక చిరునవ్వు కూడా వచ్చేస్తుంది. ఈ నవలకి అది కుదరదు. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చిన ఫాంట్లలో రామభద్ర చూశాను, లావుగా, సభ పోస్టర్‌లా అరుస్తోంది. చివరికి పెద్దమ్మ చేతే ఇంకు పెన్నుతో ఇరవైసార్లు రాయించి, అందులో పదిహేడోది స్కాన్ చేసి తీసుకున్నాను. వ తలకట్టు దగ్గర చెయ్యి కొంచెం వణికింది. ఆ వణుకు సరిచేయలేదు.

నవంబరు 3

ఐదో అట్ట. నాలుగోదాంట్లోని నిశ్శబ్దం కావాలి, మూడోదాంట్లోని గట్టు కావాలి, శవం మాత్రం రాకూడదు. నలుపు తీసి తెల్లారుజాము నీలం పెట్టాను. ఎర్రక్షరాలు పోయి తెల్లవి వచ్చాయి. బ్యాటరీ లైటు పోయి లాంతరు వచ్చింది. బ్యాటరీ వెలుగు ఎవరినో వెతుకుతున్నట్టు ఉంటుంది, లాంతరు కింద పెట్టి ఉంటుంది కాబట్టి ఎవరినీ వెతకదు.

అన్నిటికన్నా తేడా చేసింది వాళ్లని కూర్చోబెట్టడం. మూడో అట్టలో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు, చూసినవాళ్లంతా గొడవ అన్నారు. అదే ఇద్దరిని, అదే దూరంలో, గొంతుక్కూర్చుని ఉన్నట్టు గీస్తే కొత్తగా చూసిన ఏడుగురిలో ఐదుగురు "దేనికోసమో చూస్తున్నారు" అన్నారు. ఒకమ్మాయి నన్నే అడిగింది, "వీళ్లు ఎంతసేపట్నుంచి కూర్చున్నారు?" అని. నాకు కావలసిన ప్రశ్న అదే. ముఖాలు గీయలేదు. ఈ నవలలో గీయకూడనిది వాళ్ల ముఖాలు, పెద్దమ్మ కూడా నవలంతా వెతికినా ఒక్క చోట వాళ్ల ముఖం వర్ణించలేదు, చేతులు, పాదాలు, గొంతు మాత్రమే రాసింది. ఇది నాలుగోసారి చదివితే గానీ నాకు కనపడలేదు.

ఫోన్‌లో గోరంత చేసి కూడా చూశాను. ఇప్పుడు చాలామంది అట్టని మొదట చూసేది అంత సైజులోనే. మనుషులు రెండు మచ్చలైపోయారు కానీ లాంతరు పసుపు చుక్క నిలబడింది, పేరు చదవగలుగుతున్నాం. చాలు.

నవంబరు 8

ప్రెస్ నుంచి మొదటి ప్రూఫ్. రెండు తప్పులు. వెనక అట్ట మీద మేటర్‌లో "నీళ్లు" ఒత్తు ఊడి, "నీళ్‌లు" అని పొల్లుతో పడింది. నా కంప్యూటర్‌లో ఉన్న ఫాంట్ వాళ్ల దగ్గర లేదు. అక్షరాలన్నీ కర్వ్స్ చేసి, అంటే ఫాంట్ అక్కర్లేకుండా బొమ్మగీతలుగా మార్చి, మళ్లీ పంపాను. అది చేయకుండా తెలుగు ఫైల్ ప్రెస్సుకి పంపకూడదు, ఎన్నిసార్లు చేసినవాళ్లైనా సరే.

రెండోది రంగు. స్క్రీన్ మీద తెల్లారుజాము నీలం, కాగితం మీద వంకాయ రంగు. సయాన్ (నీలి ఇంకు) 100 శాతం, మెజెంటా (గులాబీ ఇంకు) 90 శాతం ఇచ్చాను, మెజెంటా అంత దగ్గరికొస్తే నీలం ఊదాకి తిరిగిపోతుంది. మెజెంటా 62కి దించితే నీలం నీలంగా వచ్చింది. ఆ వంకాయ రంగు షీటుని ప్రెస్‌లో పనిచేసే కుర్రాడు చూసి "దెయ్యాల నవలా అక్కా?" అన్నాడు. ఇంకు శాతం తేడాతో కథ మారిపోయింది. మ్యాట్ లామినేషన్ వేస్తే రంగు ఇంకాస్త లోపలికి పోతుంది, ముదురు రంగు మీద వేలిముద్రలు పడతాయి, అయినా గ్లాసీ వేస్తే ఆ రాత్రికి మెరుపొస్తుంది, అందుకని మ్యాట్‌కే ఉన్నాను.

నవంబరు 12

రేపల్లె వెళ్లి పెద్దమ్మకి షీటు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసింది. బాగుందనలేదు, బాగోలేదనలేదు. వేలు తూము మీద పెట్టింది.

"తలుపు ఎత్తి ఉందే."

"నీళ్లు కనపడాలని అలా గీశాను పెద్దమ్మా."

"ఎత్తితే నీళ్లు పోతాయి. కుడివైపు పోతున్నాయి, ఇదిగో మెరుస్తోంది. కుడివైపు కూర్చుంది చిన్నది. అంటే చిన్నది పెద్దదాని వంతు నీళ్లు కాజేస్తోందనేగా నువ్వు గీసింది?"

నేను మాట్లాడలేకపోయాను. ఈ అట్ట ఏడుగురికి చూపించాను, ఒక్కరూ ఆ మాట అనలేదు. కానీ అక్కడ బతికినవాళ్లు చూడగానే చదివేది అదే, లస్కరు గారైతే ముందు తూమే చూసేవారు. పదకొండు రాత్రులూ ఎవరిది న్యాయమో తేల్చకుండా రాసిన నవల, నేనేమో అట్ట మీదే తీర్పు ఇచ్చేశాను.

"దించెయ్" అంది. "నీళ్లింకా రాలేదు. వస్తే వాళ్లెందుకు కూర్చుంటారు?"

అక్కడే ల్యాప్‌టాప్ తీసి తూము తలుపు దించాను, మెరుపు చెరిపేశాను. బోదె మామూలు చీకటి గీతగా మిగిలింది. తర్వాత వెనక అట్ట మేటర్ చదివించుకుంది. నేను రాసిన పన్నెండు వరుసల్లో పది కొట్టించేసింది. మిగిలినవి రెండే: శివారు భూముల్లో ఇద్దరు తోడికోడళ్లు, ఒకే బోదె. వంతు అర్ధరాత్రి వస్తుంది.

నవంబరు 20

షీట్లు అచ్చయ్యాయి, లామినేషన్ అవుతోంది. ఏలూరు రోడ్డు షాపాయనకి ఒకటి చూపిస్తే, ఏ వరసలో పెట్టమంటారు అని అడిగారు. కొత్త నవలల్లో పెట్టండి అన్నాను. పాతదే కదమ్మా అన్నారు. పాతదే, కానీ ఇన్నాళ్లూ దీన్ని ఎవరూ దీనిలా చదవలేదండీ అన్నాను. ఆయన ఇంకోసారి అట్ట చూసి, సరే ముందు వరసలో పది పెడతాను, సంక్రాంతికి ముందు వచ్చే పుస్తక మహోత్సవానికి ఇంకో ముప్పై పంపండి అన్నారు.

శుక్రవారం బైండింగ్ అయిపోతుంది. శనివారం పొద్దున్నే మొదటి కాపీ తీసుకుని తెనాలిలో రేపల్లె రైలెక్కాలి.